కమలా సోహోనీ సైటోక్రోమ్‌ను వదిలి పప్పుల దగ్గరికి ఎందుకు వచ్చారు?

బయోకెమిస్ట్రీ ఎమ్మెస్సీ సెమినార్ కోసం భారతీయ జీవరసాయన శాస్త్రజ్ఞురాలు కమలా సోహోనీ జీవితాన్ని చదువుతూ మీరు అడిగిన ప్రశ్నలో నిజానికి రెండు సందేహాలున్నాయి. కేంబ్రిడ్జ్‌లో సైటోక్రోమ్ మీద, అంటే కణాల శ్వాసక్రియలో పాల్గొనే రంగు పదార్థం మీద, మొక్కల్లో అంత మౌలికమైన పని చేసిన మనిషి స్వదేశానికి తిరిగి వచ్చాక పప్పులు, నీరా (తాటి, ఈత చెట్ల పులియని తీపి రసం) వంటి వాటి మీద పనిచేయడం ఆమె ప్రతిభకు తగ్గుదల కాదా అన్నది మొదటిది. విజ్ఞానశాస్త్రంలో పీహెచ్‌డీ పొందిన తొలి భారతీయ మహిళ ఆమేనని అందరూ రాస్తున్న మాట ఎంతవరకు నిజమన్నది రెండవది.

తగ్గుదల కాదు. ఆమె పప్పుల దగ్గరికి రాలేదు, పప్పులతోనే మొదలయ్యారు. కేంబ్రిడ్జ్ ఆ దారిలో రెండేళ్ల లోపు సాగిన ఒక మజిలీ. ఆమె వృత్తి జీవితంలో నష్టం జరిగిన మాట వాస్తవమే కానీ, ఆ నష్టం పరిశోధన విషయంలో జరిగింది కాదు, పదవుల విషయంలో జరిగింది. ఈ రెండింటినీ కలిపి చూడటం వల్లే మీకు ఈ సందేహం వచ్చిందని నా అభిప్రాయం. రెండవ ప్రశ్నకు సమాధానం ‘తొలి’ అన్న మాట పక్కన మీరు ఏ విశేషణం చేరుస్తారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. దాని గురించి తర్వాత చెబుతాను.

నేను ఆహార రసాయన ప్రయోగశాలల్లో ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. అందులో ఎక్కువ కాలం పప్పుధాన్యాల మాంసకృత్తులను కొలవడంతోనే గడిచింది. ఆమెను నేను చూడలేదు. ఆమె పేరు నాకు పరిచయమైంది జీవిత చరిత్రల ద్వారా కాదు, మా బల్ల మీది పని ద్వారా. కాబట్టి నా సమాధానం కూడా అటువైపు నుంచే మొదలవుతుంది.

ఆమె 1911 జూన్ 18న ఇందోర్‌లో జన్మించారు. తండ్రి నారాయణరావు భాగవత్, పినతండ్రి మాధవరావు ఇద్దరూ బెంగళూరులో అందరూ టాటా ఇన్‌స్టిట్యూట్ అని పిలిచే భారతీయ విజ్ఞాన సంస్థలో చదివిన రసాయన శాస్త్రజ్ఞులు. కాబట్టి బొంబాయి విశ్వవిద్యాలయంలో భౌతిక, రసాయన శాస్త్రాలతో 1933లో పట్టా పొందగానే ఆమె అదే సంస్థకు దరఖాస్తు చేయడంలో వింతేమీ లేదు. ఆ సంవత్సరమే డైరెక్టరుగా బాధ్యతలు చేపట్టిన సి.వి. రామన్ స్త్రీ అన్న ఒక్క కారణంతో ఆ దరఖాస్తును తిరస్కరించారు. ఆమె నేరుగా ఆయన ఎదుటకే వెళ్లి కారణం అడిగి, పట్టు విడవకుండా నిలబడిన తర్వాత, షరతులతో చేర్చుకున్నారు. మొదటి ఏడాది ఆమెను రెగ్యులర్ విద్యార్థినిగా గుర్తించరు. గైడు చెబితే రాత్రి పొద్దుపోయేదాకా పనిచేయాలి. ప్రయోగశాల వాతావరణాన్ని పాడుచేయకూడదు. ఈ అవమానాన్ని ఆమె చివరిదాకా మరచిపోలేదు. ఏడాది గడిచాక ఆమె పని చూసి రామన్ సమ్మతించారు, ఆ తర్వాత ఆ సంస్థలో స్త్రీలకు ప్రవేశం దొరికింది.

ఇక్కడ ఒక చిన్న పక్కమాట చెప్పాలి. నేను 1980ల మొదట్లో పరిశోధనలో చేరిన చోట ఆడపిల్లలు రాత్రి ఏడు దాటితే ప్రయోగశాలలో ఉండకూడదన్న నియమం ఉండేది. పద్దెనిమిది గంటలు సాగే ఒక జలవిశ్లేషణను నేను తెల్లవారుజామున మొదలుపెట్టలేక, రాత్రి ఆపలేక, పక్క గది సహోద్యోగిని బతిమాలుకున్న రోజులున్నాయి. కమలా సోహోనీకి రాత్రి పనిచేసి తీరాలన్నారు, మాకు చేయకూడదన్నారు. రెండుచోట్లా గడియారం మాత్రం మా చేతిలో లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. బెంగళూరులో ఆమెకు గైడు ఎం. శ్రీనివాసయ్య. ఆయన ఆమెకు ఇచ్చిన పని పాలలో, పప్పుధాన్యాల్లో ఉండే మాంసకృత్తుల పరిశీలన. పప్పుల్లోని మాంసకృత్తేతర నైట్రోజన్ మీద వాళ్లిద్దరి పేర్లతో ఒక పరిశోధన పత్రం 1935లోనే బ్రిటన్‌లోని బయోకెమికల్ జర్నల్‌లో వెలువడింది. అంటే కేంబ్రిడ్జ్ వెళ్లడానికి రెండేళ్ల ముందే, పాతికేళ్లు నిండకముందే, మన వంటింటి పప్పు ఆమె శాస్త్రీయ ప్రశ్నగా మారిపోయింది. 1936లో ఎమ్మెస్సీ పూర్తి చేశారు.

మాంసకృత్తేతర నైట్రోజన్ అన్న మాట సెమినార్‌లో దాటవేయకండి. ఆమె వృత్తి మొత్తానికి మూలసూత్రం అక్కడే ఉంది. ఆహారంలో మాంసకృత్తులెన్ని ఉన్నాయో తెలుసుకోవడానికి మనం వాటిని నేరుగా కొలవము. జెల్డాల్ పద్ధతిలో నమూనాను గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో జీర్ణం చేసి, మొత్తం నైట్రోజన్‌ను అమ్మోనియాగా మార్చి, దాన్ని కొలిచి 6.25తో హెచ్చిస్తాము. మాంసకృత్తుల్లో సుమారు 16 శాతం నైట్రోజన్ ఉంటుందన్న లెక్క ఇది. కానీ గింజలోని నైట్రోజనంతా మాంసకృత్తులదే కాదు. విడి అమైనో ఆమ్లాలు, అమైడ్లు వంటి చిన్న అణువులు కూడా ఉంటాయి. వాటిని వేరుచేసి చూడకపోతే పప్పు బలాన్ని ఉన్నదానికంటే ఎక్కువగా చూపిస్తాము. పేదవాడి కంచంలో పప్పే ప్రధాన మాంసకృత్తుల వనరుగా ఉన్న దేశంలో ఇది లెక్కల సూక్ష్మం కాదు.

నా అనుభవంలోంచి ఒక ఉదాహరణ చెబుతాను. కొన్నేళ్ల క్రితం ఒక బలవర్ధక ఆహార పొడి నమూనా మా ముందుకు వచ్చింది. పొట్లం మీద రాసిన ప్రోటీన్ శాతం, జెల్డాల్‌లో మాకు వచ్చిన శాతం చక్కగా సరిపోయాయి. అయినా ఆ పొడిలో కలిపామని చెప్పిన దినుసులకు అంత శాతం రావడం అనుమానం కలిగించింది. ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లంతో మాంసకృత్తులను అవక్షేపించి, వడకట్టిన ద్రావణంలో మిగిలిన నైట్రోజన్‌ను కొలిస్తే, ఉండవలసిన దానికి ఎన్నో రెట్లు అక్కడే తేలింది. నిజమైన మాంసకృత్తులు పొట్లం మీద రాసినదానికి చాలా దూరంలో ఉన్నాయి. 2008లో చైనాలో పాలపొడిలో మెలమిన్ కలిపి పసిబిడ్డల ప్రాణాలు తీసిన మోసం కూడా సరిగ్గా ఈ సందు లోంచి దూరినదే, ఎందుకంటే మెలమిన్ బరువులో మూడింట రెండు వంతులు నైట్రోజనే. జెల్డాల్ పరీక్ష దానికి, పాల మాంసకృత్తులకు తేడా చెప్పలేదు.

మరొక కొనసాగింపు కూడా ఉంది. కందిపప్పులో, శనగపిండిలో కల్తీగా వచ్చే కేసరి పప్పును చాలాకాలం ప్రధాన ఆహారంగా తింటే కాళ్లు చచ్చుబడతాయి. దానికి కారణమైన విషాన్ని 1964లో బెంగళూరులోని అదే సంస్థలో ఎస్.ఎల్.ఎన్. రావు, అడిగ, శర్మ వేరుచేశారు. అది మాంసకృత్తుల్లో భాగం కాని ఒక అమైనో ఆమ్లం. ఆమె 1935లో పప్పుల్లో విడిగా కొలవాలని చూసిన వర్గానికి చెందిన పదార్థమే మరో ముప్పై ఏళ్లకు ఒక రోగానికి మూలమని తేలింది. ఇది ఆమె కనుగొన్నది కాదు, ఆమెకు అంటగట్టకండి. ఆ రోజుల్లో ఆమెకు ఇచ్చిన ప్రశ్న ఎంత లోతైనదో చెప్పడానికి మాత్రమే దీన్ని వాడుకోవచ్చు.

కేంబ్రిడ్జ్ సంగతికి వస్తే, 1937 డిసెంబరులో ఆమె న్యూన్‌హామ్ కళాశాలలో చేరారు. విటమిన్ల పరిశోధనకు 1929లో నోబెల్ బహుమతి పంచుకున్న ఫ్రెడరిక్ గౌలండ్ హాప్‌కిన్స్ నడిపే బయోకెమిస్ట్రీ విభాగంలో మొదట డెరెక్ రిక్టర్ దగ్గర పనిచేసి, జంతు కణజాలంలో ఆడ్రినలిన్‌ను ఆక్సీకరించే ఎంజైముల మీద ఆయనతో కలిసి 1938లో ఒక పత్రం రాశారు. తర్వాత రాబిన్ హిల్ దగ్గర మొక్కల కణజాలం మీద పనిచేశారు. కిరణజన్య సంయోగక్రియ పాఠంలో మీరు చదివిన హిల్ చర్య ఈయన పేరు మీదుగా ఏర్పడిందే. అక్కడికి చేరిన పద్నాలుగు నెలల్లోనే, నలభై పేజీల సిద్ధాంత వ్యాసంతో ఆమె డాక్టరేట్ సాధించారని చెబుతారు.

ఆమె సైటోక్రోమ్‌ను కనిపెట్టారని రాయకండి. చాలా వ్యాసాలు ఆమె మొక్కల్లో సైటోక్రోమ్ సి ఉనికిని మొట్టమొదట కనుగొన్నారని ఒక్క వాక్యంలో తేల్చేస్తాయి. అదే కేంబ్రిడ్జ్‌లో డేవిడ్ కీలిన్ 1925లోనే సైటోక్రోమ్‌ను వర్ణించి, అది జంతువుల్లో, ఈస్టులో, పై స్థాయి మొక్కల్లో ఉమ్మడిగా ఉండే శ్వాసక్రియా వర్ణకమని తన పత్రం శీర్షికలోనే ప్రకటించారు. రంగు ఉందని చెప్పడం వేరు, ఆ రంగుతో మొక్క నిజంగా ఊపిరి తీస్తోందని చూపడం వేరు. మొక్కల్లో ఆక్సిజన్‌ను అందుకునే చివరి మెట్టు ఇతర ఆక్సిడేజులదా (ఆక్సిజన్‌తో చర్య జరిపించే ఎంజైములదా), లేక జంతువుల్లోలాగే సైటోక్రోమ్ ఆక్సిడేజుదా అన్నది అప్పటికి తేలని ప్రశ్న. కోసిన బంగాళాదుంప ముక్క నల్లబడటం మీరు చూసే ఉంటారు. అది ఫినాల్ ఆక్సిడేజు పని, అది పరిశీలకుడి కళ్లకు గంతలు కట్టేస్తుంది. హిల్‌తో కలిసి ఆమె బంగాళాదుంప మొదలైన వాటితో పనిచేసి, పుష్పించే మొక్కల్లో సైటోక్రోమ్ ఆక్సిడేజు ఉందని 1939లో నేచర్ పత్రికలో ప్రకటించారు. మొక్క కణం, జంతు కణం శక్తిని పుట్టించుకునే ఆఖరి గొలుసు ఒకటేనన్న అవగాహనకు ఇది బలమైన ఆధారం. తక్కువ చేసి చెప్పాల్సిన పని కాదు, ఉన్నదున్నట్టు చెప్పినా దానికి ఏ లోటూ రాదు.

ఇంత చేసి 1939లో ఎందుకు తిరిగి వచ్చారన్న దానికి ఆమె గాంధేయ భావాలను కారణంగా చెబుతారు. ముందు ఢిల్లీలోని లేడీ హార్డింజ్ వైద్య కళాశాలలో బయోకెమిస్ట్రీ విభాగానికి అధిపతిగా ఉండి, తర్వాత నీలగిరి కూనూరులోని పోషకాహార పరిశోధన శాలలో సహాయ డైరెక్టరుగా చేరి విటమిన్ల మీద పనిచేశారు. ఈ కూనూరు మజిలీని చాలామంది ఒక్క వాక్యంలో దాటేస్తారు కానీ తెలుగువారిగా మనం అక్కడ కాసేపు ఆగాలి. 1918లో రాబర్ట్ మెకారిసన్ ఒక్క గదిలో మొదలుపెట్టిన, విటమిన్ బి1 లోపంతో వచ్చే బెరిబెరి వ్యాధి మీది విచారణే ఆ సంస్థకు బీజం. అప్పటి మద్రాసు రాష్ట్రంలో బెరిబెరి ఎక్కువగా కనిపించింది ఉత్తర సర్కారుల్లో, అంటే మన కోస్తా జిల్లాల్లో. తమిళ ప్రాంతంలో ఉప్పుడు బియ్యం తినేవారు, మనవాళ్లు మరపట్టిన పచ్చి బియ్యం తినేవారు. వడ్లను ఉడకబెట్టినప్పుడు తవుడులోని థయమిన్, అంటే ఆ విటమిన్ బి1, గింజ లోపలికి ఇంకుతుంది. పచ్చి వడ్లను పాలిష్ పడితే అది తవుడుతోపాటే పోతుంది. ఆ సంస్థే 1958లో హైదరాబాద్ తార్నాకకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. ఉస్మానియా ప్రాంగణం పక్కన ఉన్న ఆ భవనాల ముందు నుంచి మీరు వెళ్లే ఉంటారు.

1947లో ఎం.వి. సోహోనీ గారితో వివాహమై ఆమె బొంబాయికి మారారు. అక్కడి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో బయోకెమిస్ట్రీ విభాగంలో చేరడంతో ఆమె జీవితంలో అత్యంత ఫలవంతమైన కాలం మొదలైందని నేననుకుంటాను. పేదలు నిత్యం తినే పప్పుధాన్యాలు, వడ్ల పిండి, నీరా అన్న మూడింటిని ఆమె, ఆమె విద్యార్థులు వరుసగా పరిశీలించారు. వాటిలో పప్పుల పనే శాస్త్రపరంగా గట్టిదని నా అంచనా.

మన పేగులో మాంసకృత్తులను విడగొట్టే ట్రిప్సిన్ అనే ఎంజైమును పట్టుకుని పనిచేయనివ్వకుండా చేసే పదార్థాలు పచ్చి గింజల్లో ఉంటాయి. సోయా చిక్కుడు నుంచి ఇలాంటి నిరోధకాన్ని కునిట్జ్ 1940ల మధ్యలో స్ఫటికాలుగా వేరుచేశారు. మన దేశపు ఆహార పదార్థాల్లో వీటి సంగతేమిటని వెదికినవారిలో ఆమె బృందం ముందు వరుసలో ఉంది. 1950ల మధ్యలో కూరగాయల్లోను, అనుములు, డబుల్ బీన్స్ వంటి గింజల్లోను ట్రిప్సిన్ నిరోధకాల మీద, 1960లలో అనుముల్లో ఎర్ర రక్తకణాలను గుంపుకట్టించే హీమాగ్లుటినిన్‌ల మీద వాళ్ల పత్రాలు వచ్చాయి. ఇప్పుడు గమనించండి. గింజలో నైట్రోజన్ ఎంత అన్నది 1935 నాటి ప్రశ్న. ఎంజైము ఎలా నడుస్తుంది, ఏది దాన్ని ఆపుతుంది అన్నది కేంబ్రిడ్జ్ ఇచ్చిన చూపు. ఆ గింజలోని మాంసకృత్తు ఒంటికి ఎంత పడుతుంది, దాన్ని అడ్డుకునే ఎంజైము నిరోధకం ఏది అన్నది బొంబాయి ప్రశ్న. మొదటి రెండూ చేతిలో లేని మనిషి మూడవదాన్ని అడగలేరు.

ఈ పని ఇవాళ్టికీ ఎంత పనికొస్తుందో నా బల్ల మీద చూశాను. పసిపిల్లల ఉగ్గు కోసం తల్లులు బియ్యం, పెసరపప్పు దోరగా వేయించి పొడి కొట్టుకుంటారు. వేయించాం కదా, వేడినీళ్లలో కలిపి పెట్టేస్తే చాలదా అని ఒకావిడ అడిగినప్పుడు, మాటలతో చెప్పడం కంటే కొలిచి చూపడం మేలనిపించి, పచ్చి పప్పు, వేయించిన పప్పు, వేయించి ఉడికించిన పప్పు మూడింటిలో ట్రిప్సిన్ నిరోధక శక్తిని పరీక్షించాం. వేయించిన దాంట్లో కొంత తగ్గింది, ఉడికించిన దాంట్లో దాదాపు కనిపించలేదు. పొడి వేడి కంటే తడి వేడి ఈ నిరోధకాలను బాగా చెరుపుతుంది. పెసల వంటి వాటిలో ఇవి తక్కువే కాబట్టి భయపడనక్కరలేదు. అనుములు, చిక్కుడు గింజలు, రాజ్మా వంటివి మాత్రం నానబెట్టి, నీళ్లు పారబోసి, బాగా ఉడికించి తీరాలి. ముఖ్యంగా రాజ్మాను మరిగే స్థితికి రానివ్వకుండా తక్కువ సెగ మీద గంటల తరబడి ఉంచితే అందులోని హీమాగ్లుటినిన్ చెడకుండా మిగిలి వాంతులు, విరేచనాలు తెప్పిస్తుంది.

నీరా పని గురించి క్లుప్తంగా చెబుతాను. తొలి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ సూచనతో ఆమె ఆ పని చేపట్టారని, నీరాలోను దాని బెల్లంలోను ఉన్న విటమిన్లు, ఇనుము పోషకాహార లోపమున్న గిరిజన బాలబాలికలకు, గర్భిణులకు మేలు చేశాయని చూపారని, అందుకు రాష్ట్రపతి పురస్కారం వచ్చిందని ఆమె గురించి రాసినవారంతా చెబుతారు. తాటి, ఈత చెట్ల కింద పెరిగిన మనకు దీని ఇబ్బంది కూడా తెలుసు. తెల్లవారకముందే దించకపోతే, కుండకు సున్నం పూయకపోతే, ఎండెక్కేసరికి అది కల్లే. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో నీరా కేఫ్ 2023లో తెరిచారు. శీతల గిడ్డంగులు అరుదైన కాలంలో ఆమె ఈ ద్రవాన్ని పిల్లల ఆహారంగా ఊహించడం సాహసమే. అయితే నీరాలో ప్రధానంగా ఉండేది చక్కెర, కాబట్టి మధుమేహం ఉన్నవారు ఆమె పేరు చెప్పి గ్లాసులు ఖాళీ చేయకూడదని నా సలహా.

మరి నష్టం ఎక్కడ జరిగిందంటారా? బొంబాయి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఆమెకు న్యాయంగా రావలసిన డైరెక్టర్ పదవిని నాలుగేళ్ల పాటు ఇవ్వలేదు. చివరికి ఇచ్చారు, ఆమె ఆ సంస్థను నడిపించారు కూడా. ఒక పరిశోధకురాలికి ఆ నాలుగేళ్లంటే జీతం, గౌరవం మాత్రమే కాదు. ఎవరిని తీసుకోవాలి, ఏ పరికరం కొనాలి, ఏ ప్రశ్నకు డబ్బు పెట్టాలి అన్న అధికారం. పప్పుల పరిశోధన చిన్నదిగా కనిపించడానికి కూడా ఇదే కారణమని నాకనిపిస్తుంది. వంట, ఆహారం ఆడవాళ్ల విషయాలని, ఆడవాళ్లు చేసేది తేలిక శాస్త్రమని అనుకునేవారు ఆమె కాలంలోనే కాదు, నేను కూర్చున్న ఎంపిక కమిటీల్లోనూ కనిపించారు. సైటోక్రోమ్ ఆక్సిడేజుకు, ట్రిప్సిన్ నిరోధకానికి కావలసిన ఎంజైము గణితం ఒకటే అని వాళ్లకు చెప్పి చూశాను, ఫలితం అంతంత మాత్రమే.

పదవీ విరమణ తర్వాత ఆమె, 1966లో బొంబాయిలో తొమ్మిది మంది మహిళలు స్థాపించిన వినియోగదారుల మార్గదర్శక సంఘంలో పనిచేసి, 1980లలో దానికి అధ్యక్షురాలయ్యారు. 1998లో ఢిల్లీలో భారత వైద్య పరిశోధన మండలి ఆమెకు సన్మానం చేస్తున్న సభలోనే కుప్పకూలి, కొద్ది రోజుల్లో, జూన్ 28న కన్నుమూశారు. ఆ సన్మానం ఏర్పాటు చేసింది ఆ మండలికి తొలి మహిళా డైరెక్టర్ జనరల్ అయిన డాక్టర్ సత్యవతి.

ఇక ‘తొలి’ సంగతి. వృక్షశాస్త్రజ్ఞురాలు జానకి అమ్మాళ్‌కు అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయం 1931లోనే డాక్టరేట్ ఇచ్చింది. కాబట్టి ఏ విశేషణమూ లేకుండా ‘విజ్ఞానశాస్త్రంలో తొలి భారతీయ మహిళా డాక్టరేట్’ అని కమలా సోహోనీ గురించి రాస్తే ఎవరైనా లేచి ప్రశ్నిస్తారు. అసీమా చటర్జీది 1944లో కలకత్తా విశ్వవిద్యాలయపు డీఎస్సీ (డాక్టర్ ఆఫ్ సైన్స్). భారతీయ విశ్వవిద్యాలయం నుంచి ఆ పట్టా పొందిన తొలి మహిళ అన్న గుర్తింపు ఆమెది. బయోకెమిస్ట్రీ వరకు పరిమితం చేసి, బ్రిటిష్ విశ్వవిద్యాలయపు పీహెచ్‌డీ అని స్పష్టంగా చెబితే మీ వాక్యం నిలుస్తుంది.

చివరిగా, మీరు మూల పత్రాలు వెదికేటప్పుడు ఒక్క ఇంటిపేరుతో వెదకవద్దు. సోహోనీ అని వెదికితే పప్పులు, నీరా మాత్రమే దొరికి, పుట్టింటి పేరైన భాగవత్ అని వెదికితే బెంగళూరు, కేంబ్రిడ్జ్ మాత్రమే దొరుకుతాయి. మీలాగే చాలామంది ఇద్దరు వేర్వేరు శాస్త్రజ్ఞులను చదివినట్టు భావించడానికి ఇదొక కారణం కావచ్చు. ఆ రెండు అరల మధ్య అడ్డుగోడ కూడా అంత కచ్చితమైనది కాదు. పెళ్లయి నాలుగేళ్లు గడిచి, బొంబాయిలో పోషకాహారం మీద పనిచేస్తున్న 1951లో, పై స్థాయి మొక్కల సైటోక్రోమ్ ఆక్సిడేజు మీద హిల్‌తో కలిసి న్యూ ఫైటాలజిస్ట్ పత్రికలో వెలువడిన వివరమైన పత్రం మీద ఆమె పేరు కె. భాగవత్ అనే ఉంది.